అనుభవించుకొనగలవారు: మా దస్తావేజు లేఖరి గారి గురించి

తెనాలిలో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దరిదాపుల్లో దస్తావేజులు రాసే గదులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఈమధ్యే మా ఇంటి కాగితం రాయించుకున్నాను. లేఖరి గారి పేరు రాస్తానంటే, "వద్దు టీచర్ గారూ, పని గురించి రాయండి చాలు" అన్నారు. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. ఆస్తి కాగితం రాయించుకోబోయే పెద్దవాళ్లు, ముఖ్యంగా నాలాగా ఒంటరిగా ఉంటున్న ఆడవాళ్లు దీన్ని ఓపిగ్గా చదవాలని నా కోరిక.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 33 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు 68 ఏళ్లు. మా వారు పోయి ఆరేళ్లయింది. 1991లో నా పేరు మీదే కొన్న ఇల్లు ఉంది. 160 గజాల స్థలం, డాబా, వీధివైపు అద్దెకిచ్చిన ఒక గది, పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు. అద్దెగదిలో ఒకమ్మాయి కుట్టుమిషన్ పెట్టుకుంది, నెలకి 4,500 ఇస్తుంది. పెన్షన్ ఉన్నా, ఆ అద్దె నా మందుల ఖర్చు. నాకు ఒక్కతే కూతురు, హైదరాబాద్‌లో ఉంటుంది. ఓపిక ఉండగానే ఇల్లు దాని పేరున పెట్టేస్తే తర్వాత ఎవరికీ టెన్షన్ ఉండదనుకున్నాను.

మొదట వెళ్లింది ఈ లేఖరి గారి దగ్గరికి కాదు. ఊళ్లోనే ఒక కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి అబ్బాయి పాత దస్తావేజు, ఆధార్ కార్డులు తీసుకుని 40 నిమిషాల్లో సెటిల్మెంటు దస్తావేజు (డబ్బు తీసుకోకుండా సొంతవాళ్లకి దానంగా ఆస్తి రాసిచ్చే కాగితం) ముసాయిదా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి రాత్రి భోజనమయ్యాక చదివాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "నేటి నుండి సదరు ఆస్తిని నీవే స్వాధీనపరచుకొని, దాన విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా సుఖముగా అనుభవించుకొనగలదానవు. ఇకమీదట సదరు ఆస్తిలో నాకు ఎట్టి హక్కు గానీ అనుభవము గానీ లేదు."

వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ "నేటి నుండి" దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నేటి నుండి మా అమ్మాయి అనుభవించుకుంటే రేపటి నుండి నేనెక్కడ ఉంటాను? మర్నాడు వెళ్లి అడిగితే, "అది అందరికీ ఉండే మాటేనమ్మా, మోడల్ అంతే. మీ అమ్మాయి మిమ్మల్ని వెళ్లగొడుతుందా ఏంటి?" అన్నాడు. వెళ్లగొట్టదు. ఆ నమ్మకం నాకుంది. కానీ నా ప్రశ్న మా అమ్మాయి మనసు గురించి కాదు, కాగితం మీద ఉన్న మాట గురించి. దానికి అతను జవాబు చెప్పలేదు. ముసాయిదాకి 1,000 ఇచ్చి వచ్చేశాను.

నాతో పనిచేసిన సోషల్ టీచర్ చెబితే ఈ లేఖరి గారి గదికి వెళ్లాను. చిన్న గది, ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడకి పాత క్యాలెండర్లు. ఆయనకి అరవై దాటాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 1998లో కంప్యూటర్లు రాకముందు, దస్తావేజులన్నీ చేత్తో రాసే రోజుల నుంచీ ఇదే పని. నా ముసాయిదా అందుకుని మొదటి పేజీ చదవనే లేదు. పేజీలు తిప్పి, సరిగ్గా ఆ వాక్యం దగ్గర ఆగి, ఎర్ర పెన్నుతో "అనుభవించు" అన్న మాట చుట్టూ గీత గీశారు.

"టీచర్ గారూ, మీ పెరట్లో చెట్లున్నాయా?"

"రెండు కొబ్బరిచెట్లు ఉన్నాయండీ."

"కాయలు ఎవరు దింపించుకుంటారు?"

"నేనే."

"అద్దె ఎవరి చేతికి వస్తుంది?"

"నా చేతికే."

"ఈ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నుంచీ ఆ కాయలు, ఆ అద్దె మీవి కావు. మీరు దాంట్లో ఉంటే మీ అమ్మాయి ఉండనిచ్చినట్టు, అంతే. మీకు కావలసింది ఇదేనా?"

మాట రాలేదు నాకు. ఈ మాటని పిల్లలకి ఎన్ని రకాలుగా చెప్పానో లెక్కలేదు. అనుభవం అంటే పని చేయగా వచ్చిన తెలివి. అనుభవించడం అంటే సుఖపడటం, కష్టపడటం కూడా. "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత, అనుభవించాల్సిందే" అంటాం. "అనుభవం మీద తెలుస్తుందిలే" అంటాం. దస్తావేజులో ఇవేవీ పనికిరావు. అక్కడ అనుభవం అంటే ఆస్తిని వాడుకోవడం, దాని మీద వచ్చేది తీసుకోవడం. ఇంట్లో ఉండటం, అద్దెకివ్వడం, కాయ కోసుకోవడం, బావి నీళ్లు తోడుకోవడం. హక్కు ఒకరిదై అనుభవం ఇంకొకరిది కావచ్చు. ఆ రెండూ ఒకే గంపలో వెళ్లాలని లేదని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

ఇక్కడి నుంచి ఆయన చేసిన పని కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను. నాకు మూడు దారులు చూపించారు. ఒకటి వీలునామా. అది రాసినవాళ్లు పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రెండోది కంప్యూటర్ సెంటర్ వాళ్లు రాసినట్టు అన్నీ ఇవాళే ఇచ్చేయడం. మూడోది, హక్కు ఇవాళే అమ్మాయికి ఇచ్చేసి అనుభవం మాత్రం నా జీవితాంతం నాకే ఉంచుకోవడం. నేను మూడోది ఎంచుకున్నాను.

అక్కడే ఇంకో చిక్కు ఉందన్నారు. చాలామంది "నా తదనంతరం నీకు హక్కు సంక్రమించును" అని రాయించుకుంటారట. ఆ మాట పడితే పైన సెటిల్మెంటు అని పేరు పెట్టినా కోర్టు దాన్ని వీలునామాగా చూడొచ్చు. పేరు ఏం పెట్టారని కాదు, హక్కు ఏ రోజున చేతులు మారిందని చూస్తారు. అందుకని మా కాగితంలో ఇలా రాశారు: "సదరు ఆస్తిపై సర్వహక్కులు ఈ రోజే నీకు సంక్రమించినవి. అయితే నా జీవితకాలమంతయు సదరు ఆస్తియందు నివసించుటకు, అద్దెలు ఫలసాయములు వసూలు చేసుకొని అనుభవించుటకు నేనే హక్కుదారును. నా తదనంతరం సదరు అనుభవము కూడా నీకే చెందును." మూడు వాక్యాలు, మూడింటికీ వేరువేరు పనులు. ముప్పై మూడేళ్లు వాక్యాలు విడగొట్టి చెప్పినదాన్ని, ఒక్కో వాక్యం ఇంత బరువు మోయడం ఎప్పుడూ చూడలేదు.

"నివసించుటకు" ఒక్కటే సరిపోదా అని అడిగాను. నివాస హక్కు వేరు, అనుభవ హక్కు వేరన్నారు. నివసించే హక్కు మాత్రమే ఉంచుకుంటే తల దాచుకోవడానికి చోటుంటుంది, వీధివైపు గది అద్దె మాత్రం హక్కుదారు చేతికి పోతుంది. అనుభవం అని రాస్తే అద్దె, కాయలు అన్నీ వస్తాయి. ఆ ఒక్క మాట విలువ నెలకి 4,500 రూపాయలు.

ఇలా హక్కు ఇచ్చేసి అనుభవం ఉంచుకున్న కాగితం చెల్లుతుందా అన్న భయం కూడా నాకుండేది. ఇల్లు అప్పగించకుండా దానం ఎలా అవుతుందని మా మరిది అడిగాడు కూడా. దానికి లేఖరి గారు మన ఆంధ్ర నుంచే సుప్రీంకోర్టుకి వెళ్లిన రేణికుంట్ల రాజమ్మ కేసు చెప్పారు. 2014లో తీర్పు వచ్చింది. అందులో దానపత్రం రాసినామె ఇంట్లో ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు బతికున్నంత కాలం తనకే ఉంచుకుంది. తర్వాత మనసు మార్చుకుని ఆ దానాన్ని రద్దు చేస్తూ మరో కాగితం రాసింది. స్వాధీనం అప్పగించకపోయినా రిజిస్టరైన దానం చెల్లుతుందని, అనుభవం ఉంచుకున్నంత మాత్రాన దానం కాకుండా పోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నాకు ధైర్యం ఇచ్చింది, జాగ్రత్త కూడా నేర్పింది. ఒకసారి రిజిస్టరైతే రేపు నాకు మా అమ్మాయి మీద కోపం వచ్చినా నా అంతట నేను రద్దు చేసుకోలేను. ఈ సంగతి ఆయన రెండుసార్లు చెప్పి, "రెండు రోజులు ఆలోచించుకుని రండి" అని పంపించారు. ఫీజు కోసం చూసే మనిషైతే ఆ రోజే సంతకానికి పిలిచేవాడు.

ఆ రెండు రోజుల్లో మా అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉంది. ఆస్తి తీసుకున్నవాళ్లు కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఇచ్చి, వాళ్లు చూడకపోతే, ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించమని అడగొచ్చు. షరతు మీద ఇచ్చినట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది కాబట్టి కాగితంలోనే రాసుకోవడం మంచిదని లేఖరి గారి సలహా. కన్నకూతురికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు నానా కబుర్లూ చెప్పాను. చివరికి చెబితే అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అమ్మా, తప్పకుండా రాయించు. రేపు నేను లేకపోతే అప్పుడు ఆ ఇల్లు ఎవరి చేతుల్లో ఉంటుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు" అంది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. షరతు రాయించాం.

మూడో రోజు వెళ్లినప్పుడు ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంటి పన్ను ఎవరు కడతారు? డాబా కారితే రిపేరు ఎవరు చేయిస్తారు? అద్దెగది ఖాళీ అయితే కొత్తవాళ్లని ఎవరు పెడతారు? నేను హైదరాబాద్ వెళ్లి ఏడాది ఉంటే అనుభవం పోయినట్టా, ఉన్నట్టా? ఈ చివరిది నాకు తట్టనే లేదు. నేను ఇంట్లో లేకపోయినా అనుభవ హక్కు కొనసాగుతుందని ఒక వాక్యం చేర్చారు. పన్ను నేను, పెద్ద రిపేర్లు అమ్మాయి అని రాసుకున్నాం.

పెరటి గోడ పక్కనుంచి వెనకింటివాళ్లు నడిచే సన్నని దారి ఉంది. దాని గురించీ అడిగారు. వాళ్లు ఎన్నాళ్ల నుంచి నడుస్తున్నారు, అడిగి నడుస్తున్నారా, తమ హక్కు అన్నట్టు నడుస్తున్నారా అని. అనుభవానికి ఇంకో అర్థం ఇక్కడ తెలిసింది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లపాటు బాహాటంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, హక్కుగా ఒక దారిని వాడుకుంటే ఆ వాడకమే హక్కవుతుంది. అనుమతి అడిగి వాడుకుంటే ఎన్నేళ్లయినా హక్కు కాదు. మా వెనకింటావిడ ప్రతి సంక్రాంతికీ అరిసెలు తెచ్చి "మీ దారిలో నడవనిస్తున్నారు" అంటుంది. అది అనుమతేనట. నేను ఆమెని ఆపబోవడం లేదు, ఎప్పటికీ. కానీ మా అమ్మాయికి తెలిసి ఉండాలని "అనుమతిపై వాడుకలో ఉన్న దారి" అని షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాలు రాసే భాగంలో, రాయించాను.

దీనికి దగ్గరి భయం ఒకటి మా అన్నయ్యకి ఉంది. పల్లెలో ఎకరం మాగాణి ఉంది, కౌలుకిచ్చాడు. అడంగల్‌లో, అంటే ఊరి పొలాల రికార్డులో, పట్టాదారు (యజమాని) పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటాయి. అనుభవదారు గడిలో కౌలుదారు పేరు పడితే పన్నెండేళ్లకి పొలం అతనిదైపోతుందని అన్నయ్య కౌలు కాగితం మీద సంతకమే పెట్టడు. లేఖరి గారిని అడిగాను. ఇక్కడ అనుభవదారు అంటే ఎవరి చేతిలో సాగు ఉందో ఆ మనిషి, అంతే. అది హక్కుకి సాక్ష్యం కావచ్చు గానీ అదే హక్కు కాదు. పన్నెండేళ్ల మాట 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉన్నదే, కానీ అది యజమానికి ఎదురు తిరిగి, నాదే అని అందరికీ తెలిసేలా ఉన్నవాడికి. ఒప్పుకుని కౌలు కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా కౌలుదారే. మన రాష్ట్రంలో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు కూడా 11 నెలలకే, భూమి మీద హక్కు జోలికి అది పోదు. అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆ కౌలు రైతుకి కార్డు లేక బ్యాంకు అప్పు రావడం లేదు, పంట నష్టమొస్తే పరిహారం అందడం లేదు. ఒక మాట అర్థం సరిగ్గా తెలియక ఇంకొకరి పొట్ట మీద దెబ్బ పడుతోంది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు, నేను వదలబోను.

ముసాయిదా పూర్తయ్యాక ఒక సాయంత్రం గదిలో ఎవరూ లేరు. అప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాను. ఆవిడ చిన్న వయసులో భర్తని పోగొట్టుకుంది. మనోవర్తి కింద, అంటే పోషణ కోసం, కాస్త పొలం ఇచ్చి, "జీవితాంతం అనుభవించుటకు మాత్రమే, అమ్ముటకు తనఖా పెట్టుటకు హక్కు లేదు" అని రాశారని మా అమ్మ చెప్పేది. నేను ఇప్పుడు నా చేతులతో నాకే అదే మాట రాసుకుంటున్నానా అని మనసులో గుచ్చుకుంటూనే ఉంది. లేఖరి గారు వెంటనే ఏమీ అనలేదు. టీ తెప్పించారు. తర్వాత 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ గురించి చెప్పారు. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. అందులోని స్వాధీనం అన్న మాటకి చేతిలో పట్టుకుని ఉండటం అని మాత్రమే కాక, తన అధికారం కింద ఉండటం అన్న విశాలమైన అర్థం ఉందని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 1977లో తులసమ్మ కేసు. ఆమె మనోవర్తి కోసం నెల్లూరు కోర్టుకెక్కిన వితంతువు. రాజీలో ఆమెకి వచ్చిన ఆస్తి మీద పరిమిత హక్కు మాత్రమే అని రాశారు. మనోవర్తి కింద వచ్చింది ఆమెకి ముందే ఉన్న హక్కు కాబట్టి, పరిమితం అని రాసినా అది సంపూర్ణ హక్కే అయిందని సుప్రీంకోర్టు తేల్చింది.

"మీ అమ్మమ్మగారికి వేరేవాళ్లు అంతవరకే ఇచ్చారు. మీది మీ సొంత ఇల్లు, మీరు ఇచ్చుకుంటూ మీకు కావలసింది ఉంచుకుంటున్నారు. మాట ఒకటేనండీ, రాసే చెయ్యి వేరు" అన్నారు. ఆ రోజు ఇంటికి తేలిగ్గా నడిచి వెళ్లాను.

తెలుగు టీచర్‌ని కాబట్టి ఒక ముచ్చట కూడా రాయాలి. పాత దానశాసనాల్లో అష్టభోగాలు అని వస్తుంది: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమిలో దొరికే నిధి దగ్గర్నుంచి రాబోయే రాబడి దాకా అన్నీ ఇచ్చేశామని చెప్పడం. మా 1991 క్రయ దస్తావేజులో కూడా "నిధి నిక్షేప జల తరు పాషాణములతో సహా" అని ఉంది. క్లాసులో అది వర్ణన అని చెప్పేదాన్ని. అది వర్ణన కాదు, అనుభవం అన్న మాటలో ఏమేం ఉన్నాయో విప్పి చెప్పిన జాబితా. అయితే నిధి మాత్రం ఇప్పుడు అలా మన చేతికి రాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. లేఖరి గారు కొత్త దస్తావేజులో ఆ వరస తీసేసి "చెట్లు, బావి, కట్టుబడితో సహా" అని రాశారు. నా మనసు కొంచెం చిన్నబుచ్చుకుంది గానీ, ఆయన చేసిందే సరైనది.

లోపాలు కూడా రాయాలి. గదిలో వచ్చినవాళ్లకి రెండే స్టూళ్లు, వీపుకి ఆనుకునేది లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి గంటసేపు కూర్చోవడం కష్టం. ఫీజు ఎంతో బోర్డు మీద లేదు, అడిగితేనే చెప్పారు: 4,000. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు వేరే, అవి చలానాగా ప్రభుత్వానికి వెళ్తాయి. ఫీజుకి రసీదు ఇవ్వలేదు. ఇవ్వాలని నా అభిప్రాయం. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. తొందరలో ఉన్నవాళ్లకి అది ఎక్కువే.

ఒక తప్పు కూడా దొర్లింది. హద్దుల్లో ఉత్తరం వైపు పాత దస్తావేజులో ఉన్న పొరుగువారి పేరే ఉంచేశారు. వాళ్లు ఇల్లు అమ్మేసి పదేళ్లయింది. నేను ఇంటికి తీసుకెళ్లి భూతద్దం పెట్టి చదివాను కాబట్టి దొరికింది. చెప్పగానే ఏ మాత్రం కోపగించుకోకుండా "పూర్వం ఫలానావారి, ప్రస్తుతం ఫలానావారి ఇల్లు" అని మార్చారు. రిజిస్టరయ్యాక దొరికి ఉంటే సవరణ దస్తావేజు అని మళ్లీ ఇంకో కాగితం, ఇంకో ఖర్చు. ఇంకోటి, ఆయన వాక్యాలు చాలా పొడుగు. ఒకటి పదిహేడు లైన్లుంది, మధ్యలో ఒక్క చుక్క లేదు. విడగొట్టమని నేనే పట్టుబట్టాను. కాసేపు వాదించి, నాలుగు వాక్యాలు చేశారు. చదివి, "ఇలాగే బాగుంది" అన్నారు.

రిజిస్ట్రేషన్ రోజున మా అమ్మాయి వచ్చింది. దానం ఇచ్చేవాళ్లు బతికుండగానే, పుచ్చుకున్నట్టు తీసుకునేవాళ్లు ఒప్పుకోవాలి కాబట్టి దస్తావేజులో దాని సంతకం కూడా పెట్టించారు. ఇద్దరు సాక్షులుగా మా సోషల్ టీచర్, వాళ్లాయన వచ్చారు. ఆఫీసులో నా వేలిముద్ర మిషన్‌కి అందలేదు. నా వేళ్లు అరిగిపోయాయి. లేఖరి గారు ముందే తడిగుడ్డ, చేతిరుమాలు తెచ్చారు. వేలు తుడిచి, ఆరాక పెట్టమన్నారు. మూడోసారికి పడింది. లోపల అధికారి "ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా అమ్మా?" అని అడిగారు. అవునని చెప్పాను. ఆ "అవును" అర్థం నాకు పూర్తిగా తెలుసు, ఎందుకంటే అప్పటికి కాగితంలో ప్రతి మాటా ఏం చేస్తుందో తెలుసు. మంచం పట్టినవాళ్లకి అధికారి ఇంటికే వచ్చి చేసే ఏర్పాటు చట్టంలో ఉందని కూడా లేఖరి గారే చెప్పారు. అవసరమైనవాళ్లు అడగండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర స్టూళ్లకీ రసీదుకీ తగ్గించింది. మళ్లీ పని పడితే ఇక్కడికే వెళ్తాను.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి, అప్పటికి రిజిస్ట్రేషన్ల రద్దీ తగ్గి ఆయన తీరిగ్గా మాట్లాడతారు. పాత దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, ఇచ్చేవాళ్ల, పుచ్చుకునేవాళ్ల ఆధార్ తీసుకెళ్లండి. ముసాయిదాని ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్తానని అడగండి, ఆయన కాదనరు. పొద్దున్న వెలుగులో చదవండి. "అనుభవం", "స్వాధీనం", "తదనంతరం", "నేటి నుండి" ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఒక్కొక్కటి అడగండి. ఎన్నిసార్లడిగినా విసుక్కోరు. మొన్న కొబ్బరికాయలు దింపించాను, 62 వచ్చాయి. పది ఆయన గదికి పంపించాను, మిగతావి మా అమ్మాయికి హైదరాబాద్ బస్సులో.